బ్లేడ్‌సింగర్ ఎలా ఆడాలి? కత్తి పట్టిన మాంత్రికుడి అసలు బలం ఎక్కడుంది?

ఈరోజు ఎపిసోడ్ మొత్తం ఒకే ఒక్క క్యారెక్టర్ గురించి. డన్జన్స్ అండ్ డ్రాగన్స్ ఆడదామని కొత్తగా టేబుల్ దగ్గరికి వచ్చేవాళ్లలో ఒకరిద్దరు కచ్చితంగా అడుగుతారు, "నాకు మంత్రాలూ కావాలి, కత్తీ కావాలి, రెండూ ఉన్నవాడు ఎవడైనా ఉన్నాడా?" అని. ఉన్నాడు. విజార్డ్ క్లాస్‌లో బ్లేడ్‌సింగర్ అనే సబ్‌క్లాస్. బాల్డర్స్ గేట్ 3 ఆడినవాళ్లకి 2025 ఏప్రిల్‌లో వచ్చిన ప్యాచ్ 8 తర్వాత ఈ పేరు బాగా పరిచయం. కానీ నేను చెప్పబోయేది ఆ వీడియో గేమ్ గురించి కాదు. నలుగురైదుగురు ఒక టేబుల్ చుట్టూ కూర్చుని, కాగితం, పెన్సిల్, పాచికలు పెట్టుకుని ఆడే ఆట గురించి.

రూల్స్ విషయం ముందే చెప్పేస్తా. 2014లో వచ్చిన ఐదో ఎడిషన్, అందులో బ్లేడ్‌సింగర్ మాత్రం 2020లో టాషాస్ కాల్డ్రన్ ఆఫ్ ఎవ్రీథింగ్ పుస్తకంలో సవరించిన రూపం. మా టేబుల్ ఇంకా దాని మీదే నడుస్తోంది. మీ డీఎం కొత్త రూల్స్ వాడుతుంటే అంకెలు కొన్ని మారతాయి, ఒకసారి అడిగి చూసుకోండి. డీఎం అంటే డన్జన్ మాస్టర్, కథ నడిపేవాడు. మిగిలినవాళ్లు తలా ఒక క్యారెక్టర్. ఏదైనా కష్టమైన పని చేయాలంటే 20 ముఖాల పాచిక వేస్తారు, వచ్చిన అంకెకి మన నైపుణ్యం కలుపుతారు, అవతలి అంకెని అందుకున్నా, దాటినా పని అయినట్టు. ఈపాటి తెలిస్తే ఈ ఎపిసోడ్‌కి చాలు.

ముందు ఒక ప్రశ్న. అసలు మాంత్రికుడికి కత్తి ఎందుకు ఇవ్వలేదు? మనకి ఇది వింతగా అనిపించదు. మన జానపద సినిమాలు చూసి పెరిగినవాళ్లకి ఆ పని విభజన బాగా అలవాటు. పాతాళ భైరవిలో కత్తి తోట రాముడిది, మంత్రం నేపాళ మాంత్రికుడిది. కానీ ఇంగ్లీష్ ఫాంటసీలో అలా లేదండి. టోల్కీన్ గాండాల్ఫ్ చేతిలో గ్లామ్‌డ్రింగ్ అనే కత్తి ఉంది. మైకేల్ మూర్కాక్ రాసిన ఎల్రిక్ మంత్రవేత్త, చేతిలో స్టార్మ్‌బ్రింగర్ లేకపోతే అతని కథే లేదు. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ 1974లో ఈ ఆట తెచ్చినప్పుడు ఇవన్నీ వాళ్లకి తెలిసినవే. అయినా మ్యాజిక్ యూజర్‌కి బాకు తప్ప ఇంకో ఆయుధం ఇవ్వలేదు. కారణం ఊహించడం కష్టం కాదు. మంత్రం వేసేవాడికి కవచం, కత్తి కూడా ఇస్తే పక్కన ఫైటర్ ఎవడు ఆడతాడు? ఈ ప్రశ్న గుర్తుపెట్టుకోండి, తర్వాత దీని దగ్గరికే వస్తాం.

అయితే ఆ మొదటి పుస్తకాల్లోనే చిన్న కిటికీ ఒకటి తెరిచి ఉంచారు. ఎల్ఫ్. ఎల్ఫ్ క్యారెక్టర్ ఒక సాహసానికి ఫైటర్‌గా, ఇంకో సాహసానికి మాంత్రికుడిగా వెళ్లొచ్చు. 1981 బేసిక్ సెట్‌లో అయితే ఎల్ఫ్ అనేదే ఒక క్లాస్, రెండు పనులూ చేస్తాడు. దానికి ధర కూడా పెట్టారు. రెండో లెవెల్‌కి ఫైటర్‌కి 2,000 అనుభవ పాయింట్లు చాలు, ఎల్ఫ్‌కి 4,000 కావాలి. తర్వాత ది కంప్లీట్ బుక్ ఆఫ్ ఎల్వ్స్‌లో బ్లేడ్‌సింగర్ అనే పేరు వచ్చింది. ఐదో ఎడిషన్‌కి 2015లో స్వోర్డ్ కోస్ట్ అడ్వెంచరర్స్ గైడ్‌తో వచ్చినప్పుడు కూడా ఎల్ఫ్‌లకీ హాఫ్ ఎల్ఫ్‌లకీ మాత్రమే అన్నారు. 2020లో ఆ షరతు తీసేశారు. ఇప్పుడు మరుగుజ్జు డ్వార్ఫ్ అయినా బ్లేడ్‌సింగర్ కావచ్చు. నాకైతే నచ్చింది, పాత ఆటగాళ్లలో కొందరికి ఇప్పటికీ మింగుడు పడదు.

సరే, ఇప్పుడు అసలు విషయం. రెండో లెవెల్‌లో మీకు బ్లేడ్‌సాంగ్ వస్తుంది. బోనస్ యాక్షన్‌తో మొదలుపెడతారు, ఒక నిమిషం ఉంటుంది, అంటే 10 రౌండ్లు. ఆ నిమిషంలో మీ తెలివి, అంటే ఇంటెలిజెన్స్ మాడిఫయర్ మీ ఏసీకి కలుస్తుంది. ఏసీ అంటే మన గోడకుండే ఏసీ కాదండోయ్, ఆర్మర్ క్లాస్. శత్రువు దెబ్బ మీకు తగలాలంటే కనీసం అందుకోవాల్సిన అంకె. నడక వేగం 10 అడుగులు పెరుగుతుంది. అక్రోబాటిక్స్‌కి అడ్వాంటేజ్, అంటే పాచిక రెండుసార్లు వేసి పెద్దది తీసుకోవచ్చు. ఇంకొకటి ఉంది, అందరూ చదివి వదిలేసేది. కాన్సెంట్రేషన్ కోసం వేసే పాచికకి కూడా ఇంటెలిజెన్స్ కలుస్తుంది. ఈ ఎపిసోడ్ చేయడానికి కారణం ఆ ఒక్క లైనే.

లెక్క చూద్దాం. ఆరో లెవెల్ తీసుకుంటా, ఎందుకంటే అక్కడే ఈ సబ్‌క్లాస్ పూర్తిగా నిలబడుతుంది. ఇంటెలిజెన్స్ 18, డెక్స్‌టెరిటీ 16, కాన్‌స్టిట్యూషన్ 14. మేజ్ ఆర్మర్ అనే మంత్రం వేసుకుంటే ఏసీ 13 ప్లస్ డెక్స్ 3, మొత్తం 16. పాట మొదలైతే ఇంకో 4, మొత్తం 20. దెబ్బ తగిలింది అనుకున్న క్షణంలో షీల్డ్ మంత్రం రియాక్షన్‌గా వేస్తే ఇంకో 5, మొత్తం 25. ఎదురుగా ఓగర్ ఉన్నాడనుకోండి, వాడికి ఎటాక్ ప్లస్ 6. మామూలు విజార్డ్ ఏసీ 16 అయితే వాడి దెబ్బ తగిలే అవకాశం 55 శాతం. పాట పాడుతున్న మీకు 35 శాతం. షీల్డ్ వేస్తే 10 శాతం.

ఇక్కడ చాలామందికి కళ్లు నెత్తికెక్కుతాయి. "ఇంక నన్నెవడూ ముట్టుకోలేడు" అనుకుని కత్తి దూసి ముందుకి పరిగెత్తుతారు. ఆగండి. ఆ కత్తి ఎంత కోస్తుందో కూడా చూడాలి కదా.

ఆరో లెవెల్‌లో బ్లేడ్‌సింగర్ ఒక టర్న్‌లో రెండుసార్లు కొట్టొచ్చు. వేరే క్లాస్‌లకీ ఇది ఉంది, కానీ ఇతనికి ఒక ప్రత్యేకత. ఆ రెండిట్లో ఒక దెబ్బ బదులు క్యాంట్రిప్ వేయొచ్చు, అంటే ఎన్నిసార్లైనా వేసుకోగల చిన్న మంత్రం. అందరూ పెట్టేది బూమింగ్ బ్లేడ్. కత్తి దెబ్బతో పాటు ఉరుములాంటి శబ్దం అదనంగా 1డీ8 నష్టం చేస్తుంది. ఆ దెబ్బ తిన్నవాడు మీ తర్వాతి టర్న్ లోపు తనంతట తాను 5 అడుగులు కదిలితే ఇంకో 2డీ8. రేపియర్‌తో మామూలు దెబ్బ సగటు 7.5, బూమింగ్ బ్లేడ్‌తో 12. రెండూ తగిలితే 19.5. ఓగర్ ఏసీ 11, మీ ఎటాక్ ప్లస్ 6, తగిలే అవకాశం 80 శాతం. అంటే టర్న్‌కి సగటున 15.6.

ఇప్పుడు అదే మనిషి, అదే టర్న్, కత్తి ఒరలో పెట్టి ఫైర్‌బాల్ వేశాడనుకోండి. 8డీ6, సగటు 28. ఓగర్లు తప్పించుకోవడంలో మొద్దులు, మీ స్పెల్ డీసీ 15 మీద వాళ్లకి పావు వంతే ఛాన్స్, తప్పించుకున్నా సగం నష్టం. లెక్క కడితే ఒక్కో ఓగర్‌కి 24.5. నలుగురు దగ్గర దగ్గరగా నిలబడితే 98. పదిహేనుకి, తొంభై ఎనిమిదికి పోలికేముంది? నేను సాఫ్ట్‌వేర్‌లో ఉన్నప్పుడు ఇలాంటి తేడా కనబడితే మీటింగ్ అక్కడితో అయిపోయేది.

అంటే కత్తి దండగ అని కాదు. ఫైర్‌బాల్‌కి స్లాట్ ఖర్చవుతుంది, రోజుకి మూడో లెవెల్ స్లాట్లు మూడే. కత్తికి ఖర్చు లేదు. పెద్ద మంత్రం వేసేశాక, ఇంక స్లాట్ తగలేయడం అనవసరం అనుకున్నప్పుడు, మామూలు విజార్డ్ ఫైర్ బోల్ట్ లాంటిది విసురుతూ కూర్చుంటాడు. మీరు కత్తితో దానికంటే గట్టిగా కొడతారు. పోరాటంలో రెండో రౌండ్ నుంచి, మూడో రౌండ్ నుంచి కత్తి పనికొస్తుంది. మొదటి రౌండ్ మాత్రం మంత్రానిదే.

ఏ మంత్రం? కాన్సెంట్రేషన్ ఉన్నది. తెలియనివాళ్లకి చెప్తా. కొన్ని పెద్ద మంత్రాలు వేశాక మనసు వాటి మీదే పెట్టి ఉంచాలి. మధ్యలో దెబ్బ తగిలితే పాచిక వేయాలి. 10 గానీ తగిలిన నష్టంలో సగం గానీ, ఏది ఎక్కువైతే కనీసం అంత రావాలి. రాకపోతే మంత్రం పోయినట్టే. స్లాట్ తిరిగి రాదు. పోరాటాన్ని తిప్పేసే మంత్రాలు చాలావరకు ఈ రకమే. హేస్ట్, హిప్నాటిక్ ప్యాటర్న్, స్లో, వెబ్.

ఇప్పుడు ఇందాకటి ఓగర్‌ని మళ్లీ తెద్దాం. మామూలు విజార్డ్ ఏసీ 16, కాన్ బోనస్ 2. ఓగర్ దెబ్బ తగిలే అవకాశం 55 శాతం, తగిలాక మంత్రం పోయే అవకాశం 35 శాతం. రెండూ గుణిస్తే దెబ్బకి దాదాపు 19 శాతం. బ్లేడ్‌సింగర్‌కి తగిలే అవకాశం 35 శాతం. తగిలినా బోనస్ 2 ప్లస్ 4, అంటే 6, మంత్రం పోయే అవకాశం 15 శాతమే. గుణిస్తే 5 శాతం చిల్లర. నాలుగు ఎటాక్‌లు మీ మీద పడ్డాక మంత్రం ఇంకా నిలిచి ఉండే అవకాశం మామూలు విజార్డ్‌కి 42 శాతం, మీకు 80 శాతం. క్రిటికల్ హిట్లు ఈ లెక్కలో కలపలేదు, షీల్డ్ కూడా కలపలేదు. షీల్డ్ కలిపితే మీ అంకె ఇంకా పైకే పోతుంది.

అదండీ బ్లేడ్‌సింగర్. కత్తి బాగా తిప్పే మాంత్రికుడు అని కాదు, కత్తుల మధ్యలో నిలబడినా మంత్రం జారనివ్వని మాంత్రికుడు.

మీలో కొందరికి ఈపాటికి డౌట్ వచ్చే ఉంటుంది. "అన్నా, వెనక నిలబడితే అసలు దెబ్బే తగలదు కదా, ఈ గొడవంతా ఎందుకు?" అని. న్యాయమైన ప్రశ్న. విశాలమైన మైదానంలో, ముందు ఇద్దరు బలమైన ఫ్రెండ్స్ ఉంటే, వెనక నిలబడండి. బ్లేడ్‌సింగర్ అయినా సరే వెనకే ఉండండి, ఎవరూ ఏమీ అనరు. కానీ ఆట పేరులోనే డన్జన్ ఉంది. ఇరుకు గదులు, వెనక నుంచి వచ్చే తలుపు, పైన బాణాలు వేసేవాడు, గోడలోంచి దూరే దెయ్యం. అక్కడ వెనక అనే చోటు ఉండదు. మామూలు విజార్డ్‌కి అది విపత్తు, మీకు అది మామూలు మంగళవారం. ముందుకి వెళ్లగలగడం ఒక వెసులుబాటు. ప్రతిసారీ వెళ్లి తీరాలని రూల్ ఏం లేదు.

ఇప్పుడు ఇందాక గుర్తుపెట్టుకోమన్న ప్రశ్న. పక్కన ఫైటర్ ఎవడు ఆడతాడు?

నేను డీఎంగా నడిపిన ఒక క్యాంపెయిన్‌లో జరిగింది ఇది. ఇద్దరు ఫ్రెండ్స్, ఒకడు ఫైటర్, ఒకడు బ్లేడ్‌సింగర్. ఫైటర్ వాడు మూడు సెషన్లు డబ్బు కూడబెట్టాడు, తిండి దగ్గర కూడా బేరాలాడి, ప్లేట్ ఆర్మర్ కొనుక్కున్నాడు. దాని ధర 1,500 బంగారు నాణేలు. ప్లేట్‌కి 18, చేతిలో డాలుకి 2, ఏసీ 20. ఎంత మురిసిపోయాడో. ఆ రోజే మొదటి పోరాటంలో బ్లేడ్‌సింగర్ పాట మొదలుపెట్టి, "నాది కూడా 20, షీల్డ్ వేస్తే 25" అన్నాడు. ఫైటర్ వాడు కాసేపు క్యారెక్టర్ షీట్ వంకే చూశాడు. "మామా, నేను పదిహేను వందల గోల్డ్ పెట్టి కొన్నది వీడు పాట పాడి తెచ్చుకున్నాడ్రా" అన్నాడు. అందరం నవ్వాం, వాడూ నవ్వాడు. కానీ ఆ తర్వాత రెండు సెషన్లు వాడి చేతిలో పాచికల కంటే ఫోనే ఎక్కువ కనబడింది. వాడి టర్న్ వచ్చినప్పుడు "కొడతా" అనేవాడు, అంతే. ఎక్కడ నిలబడ్డాడో, ఎలా కొట్టాడో చెప్పడం మానేశాడు.

డీఎంగా నా చేతిలో ఉన్న ఉపాయాలు నేను ఆలోచించా. ఫైటర్‌కి ఒక మంత్రపు కత్తి ఇవ్వొచ్చు. బ్లేడ్‌సింగర్‌ని ఏసీ పనికిరాని దెబ్బలతో కొట్టొచ్చు. రెండూ చేయొచ్చు, తప్పేం లేదు, కానీ రెండోది అతిగా చేస్తే అవతలివాడికి కక్ష సాధింపులా ఉంటుంది. నేను బ్లేడ్‌సింగర్ వాడితోనే మాట్లాడా, టీ తాగుతూ. ఇందాక మీకు చెప్పిన లెక్కే వాడికీ చెప్పా. అప్పటిదాకా వాడు హేస్ట్ తన మీదే వేసుకునేవాడు. హేస్ట్ అంటే ఏసీకి ప్లస్ 2, వేగం రెట్టింపు, టర్న్‌లో ఇంకో యాక్షన్, దాంతో ఇంకో కత్తి దెబ్బ. నేనడిగింది ఒకటే. "అది వాడి మీద వేస్తే ఏమవుద్ది?"

హేస్ట్‌లో ఒక మెలిక ఉంది. మంత్రం పోయిన వెంటనే, అది ఎవరి మీద ఉందో వాళ్లు తమ తర్వాతి టర్న్ అయ్యేదాకా కదల్లేరు, ఏ యాక్షనూ చేయలేరు. నడి పోరాటంలో బొమ్మలా నిలబడిపోతారు. అందుకే తెలివైన ఫైటర్ ఎవడూ వెనక వణుకుతూ నిలబడ్డ విజార్డ్ చేత హేస్ట్ వేయించుకోవడానికి అంత సుముఖంగా ఉండడు. ఒక్క బాణం ఆ విజార్డ్‌కి తగిలిందా, ఇక్కడ వీడి పని అయిపోతుంది. అంటే హేస్ట్ ఒప్పుకోవడం అంటే తన ప్రాణం ఇంకొకడి పాచిక మీద పెట్టడం. ఆ పాచిక గట్టిగా ఉన్నవాడు టేబుల్‌లో ఒక్కడే. బ్లేడ్‌సింగర్.

తర్వాతి సెషన్. కొండ మధ్య ఇరుకు దారి, ఎదురుగా మూడు ఓగర్లు. బ్లేడ్‌సింగర్ బోనస్ యాక్షన్‌తో పాట, యాక్షన్‌తో హేస్ట్, ఫైటర్ మీద. రూల్స్ ప్రకారం పాట మంత్రం కాదు, కాబట్టి అదే టర్న్‌లో పెద్ద మంత్రం వేయొచ్చు, ఇది చాలామంది మిస్ అవుతారు. ఫైటర్ ఏసీ 22 అయింది, టర్న్‌కి మూడు దెబ్బలు. బ్లేడ్‌సింగర్ వాడి పక్కనే నిలబడి దారి మూసేశాడు. ఇద్దరి భుజాలు దాదాపు తగులుతున్నాయి. రెండో రౌండ్‌లో ఒక ఓగర్ గద బ్లేడ్‌సింగర్‌కి తగిలింది. అంతకుముందు దెబ్బకే షీల్డ్ వేశాడు, అయినా నేను 20 వేశా, 20 పడితే ఏ ఏసీ అయినా దెబ్బ తగిలినట్టే. పాచికలు కనికరించి నష్టం 20 లోపే ఆగింది. ఇంక కాన్సెంట్రేషన్ వేయాలి. 4 గానీ పైన గానీ పడాలి. ఫోన్ పక్కన పెట్టేసి మరీ చూస్తున్నాడు మా ఫైటర్, ఎందుకంటే అది పోతే బొమ్మలా నిలబడేది తనే. పాచిక టేబుల్ చివరిదాకా దొర్లి ఆగింది. 5. ఫైటర్ వాడు కుర్చీలోంచి లేచి బ్లేడ్‌సింగర్ వాడి వీపు మీద ఒక్కటి వేశాడు. ఆ టర్న్‌లో వాడు చెప్పిన వర్ణన ఉందే, అబ్బో, ఓగర్ మోకాలి దగ్గర్నుంచి మొదలుపెట్టి రెండు నిమిషాలు చెప్పాడు.

సరే, ఇప్పుడు బ్లేడ్‌సింగర్ ఎలా చస్తాడో చూద్దాం. చస్తాడు, బాగా చస్తాడు. ఏసీ 25 అనేది కత్తికీ బాణానికీ గదకీ అడ్డు. ఫైర్‌బాల్‌కి కాదు. ఆరో లెవెల్‌లో మీ హిట్ పాయింట్లు 38. అదే కాన్‌స్టిట్యూషన్ ఉన్న ఫైటర్‌కి 52. ఎదుటి పక్షంలో ఒక మాంత్రికుడు ఉన్నాడు, వాడూ ఫైర్‌బాల్ వేస్తాడు. డీసీ 14, మీ డెక్స్ సేవ్ ప్లస్ 3, విజార్డ్‌కి డెక్స్ సేవ్‌లో ప్రావీణ్యం లేదు, తప్పించుకునే అవకాశం సగం. తప్పించుకోలేదు, సగటున 28 పోయింది. మిగిలింది 10. ఓగర్ ఒక్క దెబ్బ సగటు 13. కింద పడ్డారు. పాట ఆగింది, మంత్రం పోయింది, మీరు హేస్ట్ ఇచ్చిన ఫ్రెండ్ బొమ్మైపోయాడు. ఇదంతా ఒకే రౌండ్‌లో జరగొచ్చు.

"అబ్సార్బ్ ఎలిమెంట్స్ వేస్తా కదా, మంట సగమే తగులుతుంది" అంటారు. వేయండి. కానీ అది కూడా రియాక్షనే. షీల్డ్ కూడా రియాక్షనే. పదో లెవెల్‌లో వచ్చే సాంగ్ ఆఫ్ డిఫెన్స్, స్లాట్ ఖర్చుపెట్టి నష్టం తగ్గించుకునేది, అదీ రియాక్షనే. రౌండ్‌కి రియాక్షన్ ఒక్కటే ఉంటుంది. ఓగర్ మొదటి దెబ్బకి షీల్డ్ వాడేశాక, ఫైర్‌బాల్ వస్తే చేతిలో ఏమీ లేదు. అందుకే ఎదురుగా మంత్రం వేసేవాడు కనబడితే నేను ఇచ్చే సలహా, మామూలు ఓగర్ దెబ్బ ఒకటి ఒళ్లప్పగించి తినేయండి. 13 పోతుంది. రియాక్షన్ చేతిలో ఉంటుంది.

స్లాట్ల లెక్క కూడా గట్టిగా పట్టుకోవాలి. మొదటి లెవెల్ స్లాట్లు నాలుగు. పొద్దున మేజ్ ఆర్మర్‌కి ఒకటి పోయింది, అది 8 గంటలు ఉంటుంది. మిగిలినవి మూడు. షీల్డ్ అయినా, అబ్సార్బ్ అయినా ఆ మూడిట్లోంచే. తర్వాత పై స్లాట్లు కరిగించాలి. పాట కూడా రోజుకి లెక్కే. ప్రొఫిషియెన్సీ బోనస్ ఎంతో అన్నిసార్లు, ఆరో లెవెల్‌లో మూడు. 2014 డన్జన్ మాస్టర్స్ గైడ్ ప్రకారం ఒక పార్టీ రోజుకి ఆరు నుంచి ఎనిమిది మోస్తరు పోరాటాలు తట్టుకోగలదు. నిజంగా అన్ని నడిపే డీఎం దగ్గర బ్లేడ్‌సింగర్ సాయంత్రానికి మామూలు విజార్డ్ అయిపోతాడు. రోజుకి ఒకే పెద్ద పోరాటం పెట్టే డీఎం దగ్గర దేవుడిలా ఉంటాడు. క్యారెక్టర్ చేసేముందే మీ డీఎం ఏ రకమో అడగండి.

పాట మధ్యలో ఆగిపోయే సందర్భాలు కూడా ఉన్నాయి. మీడియం, హెవీ కవచం గానీ డాలు గానీ తొడిగితే ఆగుతుంది. రెండు చేతులతో ఆయుధం పట్టి కొట్టినా ఆగుతుంది. ఇన్‌కెపాసిటేటెడ్ అయితే ఆగుతుంది, అంటే స్టన్ అయినా, పెరాలసిస్ వచ్చినా సరే. హోల్డ్ పర్సన్ వేసేవాడు కనబడితే వాడి సంగతి ముందు చూడండి.

క్యారెక్టర్ తయారీ గురించి త్వరగా చెప్పేస్తా. ఇంటెలిజెన్స్, డెక్స్‌టెరిటీ రెండూ 16తో మొదలుపెట్టండి, కాన్ 14, మిగిలినవి ఎలా ఉన్నా పర్లేదు. నాలుగో లెవెల్‌లో పెంచుకునే అవకాశం వచ్చినప్పుడు ఇంటెలిజెన్సే పెంచండి. డెక్స్ పెంచితే కత్తి పదునెక్కుతుంది, నిజమే. కానీ ఇంటెలిజెన్స్ పెంచితే పాటలో ఏసీ, కాన్సెంట్రేషన్, స్పెల్ డీసీ మూడూ ఒకేసారి పెరుగుతాయి. పద్నాలుగో లెవెల్‌కి సాంగ్ ఆఫ్ విక్టరీ వచ్చాక కత్తి నష్టానికీ అదే కలుస్తుంది. చేతుల విషయం: ఒక చేతిలో రేపియర్, ఇంకో చెయ్యి ఖాళీ. చాలా మంత్రాలకి చేతి సైగ కావాలి, షీల్డ్‌కి కూడా. రెండు చేతుల్లో రెండు కత్తులు పట్టుకుంటే ఫొటోలో బాగుంటుంది, కానీ వార్ క్యాస్టర్ ఫీట్ లేకుండా షీల్డ్ వేయలేక ఇబ్బంది పడతారు. షాడో బ్లేడ్ మంత్రంతో పుట్టించిన కత్తికి బూమింగ్ బ్లేడ్ కలపాలనే సరదా చాలామందికి ఉంటుంది. 2020 రూపంలో బూమింగ్ బ్లేడ్‌కి కనీసం ఒక వెండి నాణెం విలువైన ఆయుధం కావాలని రాశారు, పుట్టించిన కత్తికి ధర లేదు. ఒప్పుకునే డీఎంలూ ఉన్నారు. ముందే అడగండి, పోరాటం మధ్యలో వాదన పెట్టుకోవద్దు.

ఇంతా విని "నాకు ఈ లెక్కలేవీ వద్దు, నేను ముందుండి కొట్టాలి, మంత్రం నంజుకోవడానికి ఉంటే చాలు" అనిపిస్తే, మీకు కావాల్సింది బ్లేడ్‌సింగర్ కాదు. ఎల్డ్రిచ్ నైట్ తీసుకోండి, అది ఫైటర్. మూడో లెవెల్ మంత్రాలు అతనికి పదమూడో లెవెల్‌లో గానీ రావు, బ్లేడ్‌సింగర్‌కి ఐదులోనే వస్తాయి, కానీ ఒళ్లు గట్టిది. లేదా హెక్స్‌బ్లేడ్ వార్లాక్. కత్తి తిప్పడానికీ మంత్రం వేయడానికీ ఒకే గుణం, కరిజ్మా చాలు, సులువు.

చివరిగా ఒక చిన్న మాట, అంకెలు లేనిది. ఈ సబ్‌క్లాస్‌తో పాటు పర్ఫార్మెన్స్ నైపుణ్యం ఉచితంగా వస్తుంది. దాన్ని షీట్ మీద అలా వదిలేయకండి. మీ వాడు పాడతాడా, గొణుగుతాడా, అడుగులతో తాళం వేస్తాడా, ముందే అనుకోండి. మా బ్లేడ్‌సింగర్ వాడు ప్రతి పోరాటానికీ టేబుల్ మీద వేళ్లతో ఒకటే దరువు వేసేవాడు. ఇప్పుడు ఆ దరువు మొదలవగానే ఫైటర్ వాడు "నా మీదేనా?" అని అడుగుతాడు, కత్తి పట్టుకునే ముందే.

వచ్చే ఎపిసోడ్‌లో క్లెరిక్ సంగతి చూద్దాం, వైద్యం తప్ప ఇంకేమీ రాదనుకునేవాళ్ల కోసం. ఉంటానండి.